బొగ్గు మోటారు, మర్యాద చేతులు

కొందరు తగాదా పడి సంబంధాలు చెడగొడతారు. కొందరు చాడీలు చెప్పి చెడగొడతారు. నేను మా అక్క సంబంధాన్ని వైశాల్యం కట్టి చెడగొట్టబోయాను. ఇంత శాస్త్రీయంగా అక్క పెళ్లికి అడ్డుపడిన తమ్ముడు మా సాతంరాయి చుట్టుపక్కల మరొకడు లేడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మోటార్లు బొగ్గులు తినడం నేర్చుకున్నాయి. వెనకాల ఇనుప పీపా, అందులో బొగ్గుల నిప్పు, దాని ఆవిరో పొగో పీల్చి నడిచే ఇంజను. అక్కను ఖాయం చేసుకోవడానికి బాలాపూర్ నుంచి వచ్చినవాళ్లు అలాంటి మోటారునే కిరాయికి తెచ్చుకున్నారు. భోజనాలు చేశారు, బొట్టు పెట్టారు, బయలుదేరారు. ఊరి చివర మైలురాయి ఇంకా రాకముందే మోటారు ముసలివాడిలా దగ్గి, ఊరుకుంది.

వాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఖాయం చేసుకొని వెళ్లినవాళ్లు ఆ పూటే తిరిగొచ్చి గడప తొక్కితే, సంబంధం కూడా వెనక్కి మళ్లినట్టే. బాపు ముఖం వాడిపోయింది. అక్కకు పిల్లవాడు నచ్చాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దున వాళ్లు రాగానే తలుపు సందులోంచి ఒక్కసారి చూసి, పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

"నూకాలె," అన్నాడు డ్రైవరు. "ఎడ్లు బెదిరి ఉరికినంత జోరు రావాలె. గప్పుడు గేరేస్తే ఇంజను అందుకుంటది."

"గంత జోరు వస్తదా రాదా నేను లెక్క కట్టి చెప్త!" అన్నాను. పట్నంలో సైన్సు చదువుతున్నవాణ్ణి. చదువు కొంచెం, లెక్క ఘనం.

పుల్లతో దుమ్ములో గీతలు గీశాను. అడ్డంగా కాలం, నిలువుగా బలం. "నూకుడు ఒక్క తీరుగ ఉండదు బాపు. మొదలు ఇద్దరు నూకుతరు, తర్వాత అందరు కలుస్తరు, బలం పెరుగుతది. పోంగ పోంగ అలిసిపోతరు, తగ్గుతది."

గీత పైకి లేచి కిందికి దిగింది. బాపు వంగి చూశాడు. "ఒంటె మూపురం లెక్కుంది. ఈ ఒంటెతోని గుంజిస్తవా ఏందిరా?"

నిజానికి విద్య అంతా ఆ మూపురంలోనే ఉంది. దాని కింది వైశాల్యమే మోటారుకు అందిన మొత్తం తోపు. ఇప్పటి పుస్తకాలు దాన్ని ప్రచోదనం అంటున్నాయి. నేల రాపిడి పట్టి ఆపే వాటా అందులోంచి తీసేసి, మిగిలినదాన్ని మోటారు ద్రవ్యరాశితో భాగిస్తే, కదలకుండా ఉన్న బండికి చివరికి ఎంత వేగం వస్తుందో తేలుతుంది. మోటారు మీద ఎన్ని చేతులు పడతాయో లెక్కపెట్టి మూపురం ఎత్తు వేశాను. వేగం చాలినంత వచ్చింది. కాగితం మీద... క్షమించాలి, దుమ్ము మీద.

ఇంతలో మర్యాదలు మొదలయ్యాయి.

"అయ్యో, మీరు నూకుడేంది బావా! పక్కకుండుండ్రి," అన్నాడు బాపు, పిల్లవాడి తండ్రితో.

"గట్లెట్లయితది? చెయ్యన్న ఏస్తం."

"సరే, ఏసినట్టు ఏయుండ్రి."

ఆ మాట నేను విన్నాను. కానీ లెక్కలో వేసుకోలేదు. పాఠకులారా, నా పతనం అక్కడే మొదలైంది.

అందరూ తోశారు. మోటారు పెళ్లినడక నడిచి నిలబడిపోయింది. గీతలు మళ్లీ చూసుకున్నాను. తప్పు లేదు. మరి నా వైశాల్యం ఎక్కడికి పోయింది? ఆ కుతూహలమే నన్ను నేలమీద బోర్లా పడుకోబెట్టింది. తోసేవాడి మునివేళ్లు మట్టిలో దిగుతాయి. మావాళ్లు నిలబడ్డచోట గుంటలున్నాయి. బాలాపూర్ వారి వైపు చెప్పుల గుర్తులు చాప పరిచినట్టు చదునుగా ఉన్నాయి, వేళ్లు దిగిన ఒకే ఒక్క ఉత్తకాలి గుర్తు తప్ప. అది మా జీతగాడి కాలిగుర్తై ఉంటుందిలే అనుకున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. తోసేవాడుంటే పక్కనే తోసినట్టుండేవాడూ ఉంటాడు.

"దొరికింది!" అని అరిచాను. "బాలాపూరోళ్లు నూకలేదు బాపు! పట్టుకోని ఎంబడి నడిచిండ్రు!"

బొగ్గులు చిటపటమనడం కూడా మానేశాయి.

"మీ పోరడు మమ్మల దొంగల లెక్క చూస్తున్నడు," అన్నాడు పిల్లవాడి తండ్రి. "గిసుంటి మాటలు పడనీకి వచ్చినమా?"

బాపు చెయ్యి నా చెవి వైపు వస్తుండగా, మోటారులోంచి నవ్వు వినిపించింది. దిగితే మళ్లీ ఎక్కలేనని లోపలే కూర్చున్న పిల్లవాడి నాయనమ్మది.

"నిజమే చెప్పిండు పోరడు! నేను ఊపు ఎరుకైతలేదనుకుంటున్న. నూకుతరా, నన్ను దిగుమంటరా?"

పంతం పట్టిన వియ్యంకుడు పది ఎడ్ల పెట్టు. పంచెలు ఎగగట్టారు, చెప్పులు విసిరేశారు. ఈసారి మూపురం కాదు, గోల్కొండ కోటే! నా లెక్క నిజమవడం కళ్లారా చూడాలని నేను ముందుకు పరుగెత్తి మైలురాయి దగ్గర, రోడ్డు నడుమ నిలబడ్డాను.

లెక్క సరిగ్గా వచ్చింది. మోటారూ సరిగ్గా వచ్చింది, నా మీదికే.

"జరుగు! ఆపితే మళ్ల సచ్చిపోతది!" డ్రైవరు కేక.

నేను ఎగిరి పక్కనున్న పెంటగుంతలో పడ్డాను. బాలాపూర్ వారు చెప్పులు ఏరుకొని, ఉరుకుతున్న మోటారులోకి ఒక్కొక్కరే దూకారు. నాయనమ్మ "ఓ పిలగా!" అని అరుస్తూనే దూరమైపోయింది. ఎవరిని పిలిచిందో, నన్ను గుంతలోంచి లాగుతున్న చెయ్యి ఎవరిదో చూశాక అర్థమైంది. పెళ్లికొడుకే మిగిలిపోయాడు!

ఇప్పుడు ఇంటికి తీసుకుపోవాలి. గడప తొక్కనివ్వకూడదు. "అరుగు గడప కిందికి రాదు," అని తీర్పు చెప్పి, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, బాపు ఎడ్లబండి కట్టించడానికి పోయాడు. సంగతంతా అప్పటికే నా నోట విన్న అక్క గడప లోపలే నిలబడి చల్ల గ్లాసు బయటికి చాపింది. తల వంచుకొనే అడిగింది:

"మీరు నూకిండ్రా, చెయ్యేసిండ్రా?"

ఆయన ఉత్తకాళ్లు ముందుకు చాపాడు. పది గోళ్లలోనూ ఎర్రమట్టి. ఆ ఒక్క ఉత్తకాలి గుర్తు మా జీతగాడిది కాదని నాకు అప్పుడు తెలిసింది.

పెళ్లయింది. ఇప్పటికీ బావ బయటినుంచి రాగానే అక్క ముందు ఆయన కాళ్ల వైపే చూస్తుంది. చూసేవాళ్లు పతిభక్తి అనుకుంటారు. లెక్క సరిచూసుకుంటోందని నాకు తెలుసు.

నేను మాత్రం ఆ పెంటగుంత సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట చేతులు చూసి బలం కట్టను, కాలివేళ్లు చూసి కడతాను. ఏ వస్తువు వేగం కనుక్కున్నా, దాని పక్కనే నిలబడతాను. ఎదురుగా మాత్రం చచ్చినా నిలబడను.