పాత డ్రాగన్, కొత్త డ్రాగన్

ఆ ఆదివారం, మావాళ్లు వీరుల తరఫున, నేను డ్రాగన్ తరఫున ఆడే మా పాచికల ఆటలో ముగ్గురు వీరులు, ఒక గుర్రం, ఆడేవాళ్ల ఉత్సాహం పోయాయి. డ్రాగన్ ఒక్క మంటకే అంతా బూడిద. మావాళ్లు ఇక ఆటకు రామన్నారు.

నరసాపురం రైల్లో ఆట నియమాల పుస్తకం తెరిచి ఆ మంట లెక్కే చూసుకుంటుంటే ఎదురు సీట్లో ఉన్న ఒకావిడ వంగి చూశారు.

"కొత్త పుస్తకం డ్రాగనాండీ? కొనఊపిరితో ఉన్నా దాని మంట తగ్గదు. పాత పుస్తకంలో అయితే డ్రాగన్‌కి ప్రాణం ఎన్ని పాయింట్లు మిగిలితే మంట దెబ్బ అంతే. కొట్టేకొద్దీ చల్లారిపోద్ది."

లెక్క వేస్తే మావాళ్లు గెలిచే దారి కనిపించింది. వెంటనే పాచికలు తీశాను. పాత డ్రాగన్‌తో ఆవిడే తలపడ్డారు. ప్రాణం దిగేకొద్దీ మంటా దిగింది. ఇంకొక్క దెబ్బ అనగా పాలకొల్లు వచ్చేసింది.

"మిగిలిన పాయింట్లు నాకు బాకీ అండి. వేరేవాళ్లతో కొట్టించకండి," అంటూ దిగిపోయారు.

పాత డ్రాగన్ కోసం మావాళ్లు మళ్లీ ఆటకొచ్చారు, ఎన్నింటినో చంపారు. ఆవిడ డ్రాగన్ జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. ఆవిడకు నేను ఇప్పటికీ తొమ్మిది పాయింట్లు బాకీ.