నెట్‌బాల్ స్తంభం ఎవరు పీకారు?

నిన్న ఇక్కడ దుబాయ్ నైఫ్ బజారులో ఓ దుకాణం ముందు కొత్త బంతుల రబ్బరు వాసన తగలగానే మన ఊరి క్లబ్బు గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా అమ్మాయిలూ? మగపిల్లలకు ఫుట్‌బాల్, మనకు నెట్‌బాల్, అందరికీ ఒకటే మైదానం. పక్కూరితో మన మొదటి పోటీకి రెండు రోజుల ముందు, రింగు బిగించిన సరివి స్తంభం మాయమైంది. మన ఆట అక్కడితో ఆగిపోయింది. మైదానం చాలడం లేదని రోజూ సణిగే ఫుట్‌బాల్ కెప్టెన్ సత్తిబాబే పీకించాడని అందరం నమ్మాం. అప్పటినుంచి నేనతనితో మాట్లాడలేదు.

నిన్న అక్కడే అతను ఎదురుపడ్డాడు. అబుదాబి పక్క ముసఫ్ఫాలో గ్యారేజీ పనట. మొహం తిప్పుకున్నాను.

"ఇంకా నా మీదే అనుమానమా? మీ నాన్ననడుగు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఆడతారని ఆయనే పీకేశాడు. నేను చూశానని తెలిసి, ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు," అని వెళ్లిపోయాడు.

నమ్మలేదు. గదికొచ్చి అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

"ఎవరూ గుర్తుపట్టకుండా దానికి తారు పూసి మన గేదెల పాకలో పాతారే," అంది అమ్మ.

పెళ్లయ్యేదాకా ఆ గుంజ పక్కనే కూర్చుని పాలు పితికాను.

సత్తిబాబు నంబరు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. క్షమించమని అడగాలి.