పింఛను ప్లానుతో వచ్చిన పెదనాన్నగారు

ఉద్యోగం మానేసిన ఏడాదికి నాకు రిటైర్మెంటు బెంగ పట్టుకుంది. ఉద్యోగమే లేనివాళ్లు దేంట్లోంచి రిటైరవుతారని మా ఆయన అడిగారు. వెటకారానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

రాజమండ్రి శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఏడేళ్లు పాఠాలు చెప్పి, పాప పుట్టాక మానేశాను. ఆ ఏడేళ్లూ జీతంలోంచి పట్టుకున్న పీఎఫ్ సొమ్ము ఆమధ్య నా ఖాతాలో పడింది. రెండు లక్షల ఎనభై వేలు. నా కష్టానికి నా పేరున వచ్చిన మొత్తం అదొక్కటే. అలాంటిది ఇంకోసారి వస్తుందన్న నమ్మకం కూడా లేదు. "నీ ఇష్టం, ఏం చేసుకున్నా సరే" అన్నారు మా ఆయన. ఆయన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అకౌంట్లు చూస్తారు. పింఛను అన్న మాట ఆయన ఉద్యోగంలోనూ లేదు. నా ఇష్టమేమిటో నాకే తెలియక, ఆ సొమ్మును సేవింగ్స్ ఖాతాలోనే కూర్చోబెట్టి, పొయ్యిమీద పాలు చూసొచ్చినట్టు రోజూ ఫోన్లో చూసొచ్చేదాన్ని.

బెంగకి అసలు కారణం మా అత్తగారు. ఆవిడ మాతోనే ఉంటారు. ఒకరి జోలికి పోని మనిషి. కానీ కొడుకుని డబ్బు అడగాల్సి వస్తే నేరుగా అడగలేరు. ముందు నా కూర మెచ్చుకుంటారు. వంకాయ భలే కుదిరిందని అన్నం మొదట్లో అంటారు, మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ఎండలు ముదిరాయంటారు, చెయ్యి కడుక్కునేటప్పుడు కళ్లజోడు కాడ విరిగిన సంగతి బయటపడుతుంది. మా ఆయన ఏనాడూ లేదనలేదు. అయినా ఆవిడ ప్రతిసారీ వంకాయ దగ్గర్నుంచే బయల్దేరతారు. కొత్తలో నా వంట గురించి నేను చాలా గొప్పగా అనుకునేదాన్ని. సంగతి అర్థమయ్యాక మాత్రం, జుట్టు నెరిసిన నేను నా కూతురింట్లో కూర్చుని, అల్లుడు మాడబెట్టిన ఉప్మాని మెచ్చుకుంటున్నట్టు కళ్లముందు కనపడసాగింది. ఇంకా ఎవరూ వండని ఆ ఉప్మా నాకు అప్పట్నుంచే అరగడం లేదు.

పాప పడుకున్నాక రిటైర్మెంటు వీడియోలు చూడటం మొదలుపెట్టాను. వాటిలో కోటు వేసుకున్న కుర్రాళ్లు నా ముసలితనం గురించి నాకంటే ఎక్కువ కంగారుపడుతుంటారు. ధరలు ఏటా పెరుగుతాయి కాబట్టి ఇప్పటి ఖర్చుల్ని ముప్పై ఏళ్లు ముందుకి జరిపి చూసుకోమన్నారు. బియ్యం, పాలు, కరెంటు పక్కనపెట్టి నేను ముందుగా ఆత్రేయపురం పూతరేకుల పెట్టెని జరిపి చూశాను. ఆ రేటుకి కొన్నాక తినడానికి చెయ్యి రాదు, లాకర్లో పెట్టుకోవాలి. తర్వాత అన్నీ కలిపి మొత్తం ఎంత కావాలో లెక్కేస్తే, అంకె తెరమీద పట్టక ఫోన్ని అడ్డంగా తిప్పాల్సి వచ్చింది. దాని పక్కన నా సొమ్ము, వరద గోదావరి ఒడ్డున పెట్టిన చెంబులా ఉంది.

అయినా పట్టుదలగా చదివి ఒక నిర్ణయానికొచ్చాను. పొదుపూ ఇన్సూరెన్సూ కలగలిపిన పాలసీలు వద్దు. సగం పీపీఎఫ్‌లో, సగం ఖర్చులు తక్కువుండే మ్యూచువల్ ఫండులో. అదీ మధ్యలో ఏజెంటు అన్నవాడు లేకుండా. ఈ చివరి షరతు అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే మా ఇంట్లో అప్పటికే మూడు పాలసీలున్నాయి. మూడూ వరుసలు కలిసి వచ్చినవే.

మా వైపు కొత్త మనిషి తారసపడితే ముందు అడిగేది పేరు కాదు, ఊరు. ఊరు తెలిస్తే ఇంటిపేరు, ఇంటిపేరు తెలిస్తే ఎవరి తాలూకా అన్నది. అక్కణ్ణుంచి రెండు పెళ్లిళ్లు దాటితే ఏదో ఒక వరుస తగలకపోదు. తగిలాక ఇంక ఆ మనిషితో బేరమాడకూడదు, వద్దనకూడదు. మొదటి పాలసీ మా ఆయనకి బావ వరుసైనాయనది. రెండోది బ్యాంకులో నాకు వదిన వరుస తేలినావిడది. ఫిక్సెడ్ డిపాజిట్ చేద్దామని లోపలికి వెళ్లిన నేను, పదిహేనేళ్ల పాలసీతోనూ ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసాతోనూ బయటికొచ్చాను. మూడో ఆయన ఎవరో మా ఇద్దరికీ గుర్తులేదు, మా పెళ్లికి మాత్రం వచ్చారట. మీ పెట్టుబడులు వేటిలో ఉన్నాయో ఒకసారి చూసుకోండి అని వీడియోలో కుర్రాడు అన్నప్పుడు నేను చూసుకున్నాను. అన్నీ మొహమాటంలోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే మా అత్తగారికి మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక పెద్దాయన తగిలారు. చేతిలో ఫైలు, చంకలో గొడుగు. మా పై ఫ్లాటు వాళ్ల దగ్గరికి ఏదో పాలసీ పనిమీద వచ్చారు. మీదే ఊరండీ అని ఈవిడ అడిగారు, పెనుగొండండీ అని ఆయన చెప్పారు. ఈవిడది మొగల్తూరే కానీ, ఈవిడ తోడికోడలు పెనుగొండ పిల్ల. లిఫ్టు మూడో అంతస్తుకి చేరేలోపు ఆయన ఆ తోడికోడలికి పెత్తల్లి కొడుకని తేలిపోయింది. అంటే మా అత్తగారికి అన్నయ్య. అంటే మా ఆయనకి మావయ్య. అంటే నాకు పెదనాన్న. నేను తలుపు తీసి చూసేసరికి ఆయన్ని ఆదివారం భోజనానికి పిలవడమూ, నా పీఎఫ్ సంగతి చెప్పడమూ కూడా అయిపోయాయి. ఆయన దగ్గర మంచి పింఛను ప్లాను ఉందట.

తండ్రి వరుస మనిషికి వద్దని ఎలా చెప్పాలో ఏ వీడియోలోనూ లేదు. వారమంతా సాధన చేశాను. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, "వద్దండీ, మేం వేరేగా అనుకున్నాం" అని రకరకాల గొంతుల్లో చెప్పి చూసుకున్నాను. పాప మాత్రం ఏ సాధనా లేకుండా, నేను పెట్టిన ప్రతి ముద్దకీ మూతి బిగించి తల తిప్పేసేది. దాన్ని గురువుగా పెట్టుకోవాల్సింది.

నా వ్యూహమల్లా ఒకటే, భోజనానికి ముందే మాట తేల్చేయడం. తిన్నాక కాదనడం మా వల్ల కాని పని. అది అత్తగారికి చెప్తే ఆవిడ తెల్లబోయారు. "గుమ్మంలోకొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా డబ్బు మాటలేంటమ్మా, అప్పులోళ్లలాగా." దాంతో నా వ్యూహం చింతచిగురు రొయ్యల్లో కలిసింది. దానికి తోడు కోడికూర, మామిడికాయ పప్పు, ఆవడలు. ఒక పాలసీ వద్దని చెప్పడానికి నాకైన ఖర్చుతో ఆ నెల ఫండులో ఒక వాయిదా కట్టొచ్చు.

పెదనాన్నగారు పాపకి తాటితాండ్ర పట్టుకొచ్చారు. అది చూడగానే నా ధైర్యం సగం పోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, కాలరు అరిగితే తిరగేసి కుట్టించినది. రొయ్యలు ఎంతో ఇష్టంగా తిన్నారు. ఇద్దరమే ఉంటాం కదమ్మా, ఇవన్నీ తెచ్చుకోం అన్నారు. మా అత్తగారు వద్దన్నకొద్దీ వడ్డించారు. నేను కూడా వడ్డించాను, ఎందుకో తెలియదు. శత్రువుకి బలం పెంచుతున్నావా అన్నట్టు మా ఆయన నన్ను చూశారు.

చెయ్యి కడుక్కున్నాక ఫైలు తెరిచారు. లోపలి రంగుల కాగితం మీద తలలు నెరిసిన భార్యాభర్తలు సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నవ్వుతున్నారు. మా మొగల్తూరు వైపు సముద్రం దగ్గర ఆ వయసువాళ్లు ఇసకలో కాళ్లు కూరుకుపోతాయని తిట్టుకోవడమే నేను చూశాను. మొత్తం సొమ్ము ఇప్పుడే ఒక్కసారి కట్టేస్తే, నాకు అరవై నిండాక నెలనెలా ఇంతొస్తుందని పెన్సిలుతో రాసి చూపించారు. ఆ లెక్క నేను ముందే వేసుకున్నాను. బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువ, పైగా మధ్యలో తీసుకోవడానికి లేదు.

వారం రోజులు వల్లెవేసిన వాక్యం కోసం నోరు తెరిచాను. అది రాలేదు. ఇంకోటి వచ్చింది.

"పెదనాన్నగారూ, మీరు వేసుకున్నారాండీ ఇది?"

ఆయన నవ్వారు. "వేసుకోడానికి నా దగ్గర ఎప్పుడుందమ్మాయ్."

తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పారు, ఎవరిదో ఊసు చెప్పినట్టు. వయసులో ఉన్నన్నాళ్లూ రైసు మిల్లులో గుమాస్తాగా చేశారు. మిల్లు చేతులు మారినప్పుడు శాలువా కప్పి, దండేసి పంపించారు. పింఛను లేదు. ఉన్న కాస్త పొలం వాళ్లావిడ ఆపరేషనుకి పోయింది. ఇద్దరి మందులకీ ఇప్పుడీ కమీషనే ఆధారం. నేను ఆయన కాలరు వంక చూడకుండా ఉండటానికి తాటితాండ్ర వంక చూశాను.

అప్పటిదాకా గోడకానుకుని వింటున్న మా అత్తగారు అడిగారు. "అన్నయ్యగారూ, ఇది మన పిల్ల. దీనికి మంచిదేనంటారా?"

కొడుకుని కళ్లజోడు అడగలేని మనిషి. మేం ఇద్దరం ఆవిడ వైపు తిరిగి చూశాం. పెదనాన్నగారు పెన్సిలు కింద పెట్టేశారు.

"ఇంత మొత్తం ఇందులో పెట్టొద్దు చెల్లెమ్మా. దీనికైతే నాకు ఎక్కువొస్తుంది. అందుకే ముందు ఇది తీశాను."

నేను గెలిచాను. ఒక్క మాట కూడా వద్దనకుండా నా సొమ్ము నాకు దక్కింది. గెలిచినదాన్ని ఊరుకోవాలి కదా. "మా ఆయన పేరున టర్మ్ పాలసీ ఏమైనా ఉందాండీ, చిన్నది?" అన్నాను. మొహమాటానికి వద్దమ్మాయ్ అన్నారాయన. మొహమాటం కాదండీ, ఎలాగూ తీసుకోవాలనుకుంటున్నామండీ అన్నాను. తీసుకోవాలనుకోవడం నిజమే. ఫోన్లో నేరుగా తీసుకుంటే ఇంకాస్త తక్కువకొస్తుందన్నదీ నిజమే. ఆయన హుషారుగా ఇంకో కాగితం తీశారు, నేను హుషారుగా వివరాలు చెప్పడం మొదలుపెట్టాను.

"నేను పోతే వచ్చే డబ్బుకి పెదనాన్నా కూతుళ్లిద్దరూ ఇంత సంబరపడుతున్నారేంటండీ" అన్నారు మా ఆయన. అని, ఎక్కడ సంతకం పెట్టాలో అడిగారు. అలా నాలుగో పాలసీ కూడా వరుసలోనే వచ్చింది.

ఆ సాయంత్రం మిగిలిన కూరలతోనే భోజనాలకి కూర్చున్నాం. రెండు ముద్దలయ్యాక మా అత్తగారు అన్నారు. "రొయ్యలు మధ్యాహ్నంకంటే ఇప్పుడే బాగున్నాయిరా."

డబ్బులేని ముసలితనం గురించి మధ్యాహ్నమే విన్నాం. ఎవరో ఏజెంటుని అడగాల్సింది సూటిగా అడిగేసిన ఈవిడ, కొడుకు దగ్గరికొచ్చేసరికి మళ్లీ రొయ్యల దగ్గర్నుంచే బయల్దేరారు. ఎండల దాకా వెళ్లనివ్వకుండా, ఏం కావాలండీ అత్తయ్యగారూ అని నేనే అడిగేశాను. ఆవిడ సిగ్గుపడ్డారు. మోకాలికి వేసుకునే పట్టీ సాగిపోయిందట, కొత్తది కావాలట.

ఆవిడ లోపలికెళ్లాక మా ఆయనకి చెప్పాను, ప్రతి ఒకటో తారీకునా అత్తయ్యగారి ఖాతాలో ఇంత అని పడేలా పెట్టేయమని. ఆయన నొచ్చుకున్నారు. "ఎందుకు? అమ్మ అడిగితే నేను ఇవ్వనా ఏంటి?"

"ఇస్తారండీ. అడక్కుండా ఉండటానికే."

ఆయన ఎడంచేత్తోనే ఫోన్ తీసి, నెలనెలా పడేలా పెట్టేశారు.

సోమవారం నా సొమ్ముని నేననుకున్నట్టే రెండు చోట్లా సర్దాను. ఫండు వాళ్ల యాప్‌లో ఏదో అడ్డుపడితే ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తి, చెప్పండి మేడం, ఎలా సాయపడమంటారండీ అంది. ఆ 'అండీ'లో మా వైపు సాగదీత స్పష్టంగా ఉంది. మీదే ఊరమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గట్టిగా పళ్లు బిగబట్టి, ఓటీపీ చెప్పకూడదు కాబట్టి అదీ చెప్పకుండా, పని పూర్తిచేసుకుని పెట్టేశాను. నా ఆర్థిక జీవితంలో ఇంతటి నిగ్రహం మళ్లీ చూపించగలనని అనుకోను. నా అంకె మాత్రం ఇంకా ఫోన్ అడ్డంగా తిప్పితే తప్ప కనపడదు. నా చెంబూ అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు కుదురుగా ఉంది.

ఒకటో తారీకున మా అత్తగారి ఫోన్ టింగుమంది. ఆవిడ ఆ మెసేజీని రెండుసార్లు చదివించుకున్నారు. పాపని చంకనేసుకుని వీధి చివర మందుల షాపుకి వెళ్లి, తనకి మోకాలి పట్టీ, పిల్లకి ఒక రబ్బరు బాతు కొనుక్కొచ్చారు. చిల్లర ఎవరికీ లెక్క చెప్పలేదు, పర్సులో వేసుకున్నారు.

భోజనాల దగ్గర వంకాయకూర వడ్డించాను. అలవాటుగా చెవులు రిక్కించాను. ఆవిడ ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, మామూలుగా అన్నారు.

"ఉప్పు కాస్త ఎక్కువైందమ్మాయ్."

పెళ్లయిన ఆరేళ్లలో మా అత్తగారు నా వంటకి వంక పెట్టడం అదే మొదటిసారి. రుచి చూశాను. ఎక్కువే. బహుశా ఆరేళ్లుగా ఎక్కువే అయ్యుంటుంది. నాకు కావలసింది ఎంతో ఆ రోజు కొంచెం తెలిసినట్టనిపించింది. పూతరేకుల పెట్టె సంగతి తర్వాత చూద్దాం. అల్లుడి ముఖమ్మీద ఉప్మా మాడిందని చెప్పగలిగినంత ఉంటే ముందు చాలు.