తొట్టిలోకి వదిలిన నీళ్ళు

పదేళ్ళ నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది నల్లగొండ జిల్లాలో ఒక ఫ్లోరైడ్ ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊళ్ళో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. నడిపే పని నాకిచ్చారు. అందరూ నీళ్ళ సారు అనేవాళ్ళు. పదో తరగతి తప్పినవాణ్ణి సారు అంటే తలకెక్కదా? నాకెక్కింది.

ఆ మిషన్‌లోంచి రెండు పైపులు బయటికి వస్తాయి. ఒకదాంట్లో మంచినీళ్ళు. రెండోదాంట్లో వడగట్టగా మిగిలిన వృథా నీళ్ళు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ అంతా వీటిలోనే చిక్కబడుతుంది. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే. ఈ వృథా నీళ్ళను ఎవరినీ తాగనివ్వొద్దని పని నేర్పిన రోజే నాకు చెప్పారు.

ఆ వృథా నీళ్ళతో వీధంతా బురదయ్యేది. ఇరుగుపొరుగుతో రోజూ తగువే. చివరికి పైపు పొడిగించి, ఊరి చివర గొర్రెలు పెంచుకునే లింగమ్మవ్వ దొడ్డిలో ఉన్న తొట్టికి కలిపాను. దొడ్డి కడుక్కోవడానికి పనికొస్తాయన్నాను. వీధి ఆరింది. సారుకు మళ్ళీ మర్యాద దక్కింది.

అవ్వ దగ్గర మూడేళ్ళ మనుమరాలు ఉండేది. తల్లి లేని పిల్ల. ఆ పిల్ల కోసమే అవ్వ రోజూ ప్లాంటు దాకా నడిచొచ్చి ఒక బిందె మంచినీళ్ళు మోసుకుపోయేది. ఒకరోజు బిందె దింపి నన్నడిగింది.

“బిడ్డా, మా తొట్ల పడే నీళ్ళు గూడ గీ మిషన్ నీళ్ళే గదా. తాగొచ్చా?”

“తాగొచ్చు అవ్వా.”

“మరి జర ఉప్పగున్నయేంది?”

“అండ్ల మందు కలుస్తది. గందుకే గట్లుంటయి.”

ఎందుకన్నాను? నిజం చెబితే ఆమె పైపు పీకేస్తుంది, బురద మళ్ళీ వీధిలోకి వస్తుంది, మళ్ళీ నలుగురిలో మాట పడాలి. అంతే. అంతకు మించిన కారణం ఎంత వెతికినా దొరకలేదు. ఒకవైపు పసిదాని ఎముకలు, ఒకవైపు నా పరువు, నేను క్షణం కూడా ఆలోచించలేదు.

మరునాటి నుంచి అవ్వ బిందెతో రాలేదు. మందు నీళ్ళు ఇంటి ముందే పడుతుంటే ఎందుకొస్తుంది? ఆమె రాకపోవడం నేను గమనించాను. గమనిస్తూనే రెండేళ్ళు ఊరుకున్నాను, నల్లాల్లోకి కృష్ణా నీళ్ళు వచ్చి ప్లాంటు మూతపడేదాకా.

పిల్లకు పాలపళ్ళు ఊడి, కొత్తవి గోధుమరంగు చారలతో వచ్చాయి. మోకాళ్ళు లోపలికి వంగాయి. ఈ ఊళ్ళో చాలామందికి అంతే కదా, నా వల్లే అని ఎవరు చెప్పగలరు అని సర్దిచెప్పుకున్నాను. ఆ బిందె గుర్తొస్తే ఆ వాదన నిలబడదు. ఇప్పటికీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు, తాగొచ్చా అని ఆమె అడుగుతున్నట్టే ఉంటుంది. భయమేస్తుంది.

పోయినేడు అవ్వ మంచాన పడింది. చెప్పేయాలనే వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ మందు నీళ్ళు ఇంకా ముందు నుంచే తాపి ఉంటే పిల్ల కాళ్ళు బాగుండేవట, తనే ఆలస్యం చేసిందట. మనుమరాలు పక్కనే కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటోంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.

వారానికి అవ్వ పోయింది, తప్పు తనదే అనుకుంటూ. తప్పు ఆమెది కాదు. నాది. ఈ మాట ఇవాళే మొదటిసారి రాశాను. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. ఆ పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు.