సబ్బు తగిలిన పసుపు

పదకొండేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో అమెరికాలో, ప్లెయిన్స్‌బరో ఊళ్లో, మా అపార్ట్‌మెంట్‌లోనే బ్లౌజులు కుట్టేదాన్ని. రిటైరైన డాక్టర్ ఆంటీ ఒకావిడ మనవరాలికి గౌను కుట్టమంటూ ఒక బొమ్మ ఇచ్చారు. పంతొమ్మిదివందల యాభైలలో పారిస్‌లో పేరుమోసిన డిజైనర్ స్వయంగా గీసిన కాగితం అది. ఆయన దగ్గర కుట్టుపని చేసిన స్నేహితురాలు పోయేముందు ఆంటీకి ఇచ్చిందట. సన్నటి నడుము, నాలుగే గీతల్లో కిందికి జారే గౌను, మూలన పిన్నుతో గుచ్చిన పట్టుముక్క. ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేయొచ్చు కదా? అసలుదాన్నే ఎదురుగా పెట్టుకుని కుట్టాలన్న గొప్ప నాది.

కొత్త బట్టకి మూల పసుపు పెట్టనిదే నేను కత్తెర పట్టను. ఆ రోజు తడి పసుపు వేలు బొమ్మ మీద పడింది. గాభరాలో సబ్బునీళ్ల గుడ్డతో తుడిచాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని నాకు తెలియదా? భుజం దగ్గర ఎర్రగా పాకి, గీతలు చెదిరిపోయాయి. ఆంటీ లేని సమయం చూసి, కవర్లో పెట్టి, వాళ్లింట్లో వంట చేసే రమణమ్మగారి చేతికిచ్చి వచ్చేశాను.

రమణమ్మగారికి అరవై దాటాయి. అక్కడే వండుతూ, అక్కడే పడుకునేవారు. ఈ దేశంలో ఆవిడకి ఇంకో నీడ లేదు.

మర్నాడు ఆంటీ పిలిపించి, ఆ మరకేమిటని ఇద్దర్నీ అడిగారు.

"పసుపమ్మా. సబ్బెట్టి తుడిసినట్టున్నారు," అన్నారు రమణమ్మగారు.

"ఈ ఇంట్లో పసుపు చెయ్యి ఎవరిది రమణమ్మా?" ఆంటీ నా వైపు తిరిగారు. "నువ్వు రిటర్న్ చేసినప్పుడు బాగానే ఉంది కదమ్మా?"

"బాగానే ఉందాంటీ," అన్నాను.

రమణమ్మగారు పసుపు పట్టిన నా గోళ్లవైపు చూశారు. ఆ వారమే ఆవిడని పంపించేశారు.

నాది హెచ్-4 వీసా, పని చేయకూడదు, గొడవైతే మా ఆయన ఉద్యోగానికి ముప్పు అని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అంతా సాకు. ఆంటీ ముందు చిన్నబోవడం ఇష్టంలేక ఒక పెద్దావిడని వీధిలో నిలబెట్టాను. గౌను బ్రహ్మాండంగా కుదిరింది. అందరూ మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాను కూడా.

ఆంటీ ఇప్పుడు లేరు. రమణమ్మగారు ఎక్కడున్నారో తెలియదు. నిజం చెప్పాలంటే, నేనెప్పుడూ వెతకలేదు.

ఆ బొమ్మ పాడుచేసింది నేను. ఈ ఒక్క మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.