అందరికీ ఒకే ధన్యవాదాల పేజీ

ఎర్ర అక్షరాలంటే మా బాసుకు ఒళ్ళుమంట. నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ వర్క్‌షాప్ పై అంతస్తులో ఉండేది మా ఆఫీసు. ఒక ట్రస్టు నడిపే నర్సింగ్ కాలేజీకి, ఫీజు లేని సీట్ల దరఖాస్తుల కోసం వెబ్‌సైట్ తయారుచేశాం. చేశామంటే నేను చేశాను. కాలేజీవాళ్ళకు చూపించిన రోజు ఫారంలో ఏదో తప్పుపడి తెర మీద ఎర్రగా నాలుగు లైన్లు వచ్చాయి. వాళ్ళు వెళ్ళగానే బాస్ నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఎర్రక్షరాలు కస్టమర్ కంట్ల వడొద్దు. ఏమన్నా గానీ, థాంక్యూ పేజీకి కొట్టు."

ఫారం సర్వర్‌లో భద్రమైతేనే అప్లికేషన్ నంబరు ఇచ్చి, మనిషిని ధన్యవాదాల పేజీకి మళ్ళించాలి. కాకపోతే అదే ఫారం మళ్ళీ చూపించి, తప్పు ఎక్కడుందో చెప్పాలి. ఈ పనిలో చేరినవాడికి మొదటి వారంలోనే తెలిసే సంగతి ఇది. తెలిసి కూడా రెండు దారులనూ ఆ ఒక్క పేజీకే తిప్పాను. తర్వాత సరిచేద్దామనుకున్న మాట నిజమే. కానీ ఆ మార్పుతో, ఫారం పోవట్లేదని వచ్చే ఫిర్యాదు ఫోన్లు ఆగిపోయాయి. నాకు హాయిగా ఉంది, వదిలేశాను.

దరఖాస్తుల గడువు ముగిసిన వారానికి ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముప్ఫైకి దగ్గర్లో ఉంటుంది. చిల్కానగర్‌లో ఉంటూ, మా వీధి చివర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోందట. వెబ్‌సైట్ అడుగున మా అడ్రసు చూసి వెతుక్కుంటూ వచ్చింది. మా ధన్యవాదాల పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో దాచుకుంది.

"కాలేజీల అడిగితే నా పేరు లిస్టుల లేదంటున్రు సార్. ఎల్లుండే పరీక్ష. మీరు ఫోన్ జేసి ఒక్క మాట చెప్తే ఎక్కిస్తమన్నరు. వచ్చే యేడు నాకు వయసు దాటిపోతది."

ఆ స్క్రీన్‌షాట్ చూడగానే ఏం జరిగిందో నాకు అర్థమైంది. అర్థమయ్యేసరికి ఆమె మీద కోపం వచ్చింది. సిగ్గు రావాల్సిన చోట నాకెప్పుడూ కోపమే వస్తుంది.

"ఇందులో అప్లికేషన్ నంబరేదమ్మా?"

"ఇంతే వచ్చింది సార్."

"నంబరు లేకపోతే అప్లై చేసినట్టు కాదు. ఈ పేజీ ఎవరికైనా వస్తుంది."

"నంబర్ వస్తదని అండ్ల ఏడ రాసున్నది సార్?"

"అది కూడా రాసి పెట్టాలా? ఫారం నింపడమే రానివాళ్ళు రేపు రోగికి ఇంజెక్షనేం చేస్తారు?"

గదంతా వినపడేట్టు గట్టిగానే అన్నాను. అవతలి టేబుల్ దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే అనిపించింది. ఇంకో మాట కూడా అందామనుకున్నాను గానీ తట్టలేదు.

ఆమె ఫోన్ సంచిలో పెట్టుకుంది. "నేనే ఏదో తప్పు నొక్కిన కావచ్చు సార్. మీ టైం ఖరాబ్ జేసిన, ఏమనుకోకుండ్రి" అని మెట్లు దిగిపోయింది.

ఆమె వెళ్ళాక లాగ్ తెరిచాను. సర్వర్ ఒప్పుకోని ఫారాలన్నీ అందులో ఒక్కో లైనుగా నమోదై ఉంటాయి. ఆమె పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెట్టిన ఫోటో సైజు ఎక్కువైంది, అంతే. చిన్న ఫోటో పెట్టమని ఒక్క ముక్క ఎర్రగా చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో సరిచేసుకునేది.

కాలేజీకి ఫోన్ చేస్తే తప్పు మాదేనని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే బాస్ నన్ను ముందుకు తోసి తాను తప్పుకుంటాడు. ఆ సాయంత్రమే కోడ్ సరిచేశాను, పది నిమిషాల పని. ఫోన్ మాత్రం చేయలేదు. మర్నాడూ చేయలేదు.

పరీక్ష పదింటికి. ఆ పొద్దున ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఆఫీసుకు వెళ్ళగానే చేద్దామనుకున్నాను కూడా. తొమ్మిదిన్నరకు లాగ్ తెరిచి ఆమె నంబరు చూస్తూ కూర్చున్నాను. పది దాటాక ఆ లైను చెరిపేశాను. తప్పు ఆమెది కాదని చూపించడానికి ఇక ఎక్కడా ఏమీ మిగల్లేదు.