రోజుకు ఒక గంట, నాన్నల ముందర

ఆ రోజుల్లో మా ఎల్బీనగర్‌లో కాలేజీ నడిచిన రోజులకంటే బందు పెట్టిన రోజులే నాకు బాగా గుర్తు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. మా నాయినది నల్గొండ దగ్గర పల్లె. పై అంతస్తులో కిరాయికున్న అంకుల్‌ది గుంటూరు. సాయంత్రాలు మెట్ల మీద కబుర్లు చెప్పుకునే ఆ ఇద్దరికీ ఒకనాడు టీవీ చర్చ చూస్తూ మాటామాటా పెరిగి, ఆపైన మాటలే బందయ్యాయి. (కూర గిన్నెలు మాత్రం అమ్మల చేతుల్లో మెట్లెక్కి దిగుతూనే ఉన్నాయి.) అంకుల్ కొడుకూ నేనూ ఇంటర్‌లో ఒకే బెంచి. ఒకరింటికొకరు పోవద్దని మాకూ ఆజ్ఞ అయింది. అందుకని కిటికీలోంచి ఒక వైరు వేలాడదీసి, రెండు కంప్యూటర్లూ కలిపి, పొద్దంతా తుపాకుల ఆట ఆడేవాళ్లం. అన్నానికి పిలిస్తే ‘‘ఒస్తున్న’’ అనేవాణ్ణి గానీ కదిలేవాణ్ణి కాదు. నాయిన పేపర్లో ఏదో చదివి, నాకు ఆటల రోగం పట్టిందని తేల్చేశాడు. ‘‘హయత్‌నగర్ హాస్టల్ల పడేస్తా’’ అన్నాడు. ‘‘ముందుగాల డాక్టర్‌కు సూపెట్టు’’ అంది అమ్మ.

దిల్‌సుఖ్‌నగర్‌లో మనసు డాక్టరమ్మ గది ముందు మేం కూర్చునేసరికి, ఎదుటి బల్ల మీద అంకుల్, వాళ్లబ్బాయి ఉన్నారు. (ఆయనా అదే పేపరు చదివాడన్నమాట.) తండ్రులిద్దరూ గోడమీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదివారు.

డాక్టరమ్మ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, నిద్ర పడుతోందా, మార్కులు తగ్గాయా, ఆపాలనుకుంటే ఆపగలుగుతున్నావా అని అడిగింది. నిద్రకు లోటు లేదు. మార్కులు ఎప్పటిలాగే తక్కువగా ఉన్నాయి.

‘‘ఆట మొదలయ్యాక స్నేహితుల్ని మానేశావా బాబూ?’’

‘‘లే మేడం. ఉన్న ఒక్క దోస్తుతోనే ఆడుతున్న.’’

‘‘ఎక్కడుంటాడు?’’

‘‘బయట బల్ల మీద.’’

ఆవిడ పెన్ను కింద పెట్టి, వాడితోనూ కాసేపు మాట్లాడి, చివరికి అందర్నీ లోపలికి పిలిచింది. ‘‘ఎన్ని గంటలు ఆడారన్నది ఒక్కటే చూసి రోగం అనలేమండీ. చదువూ నిద్రా మనుషులూ అన్నీ పోయినా, ఆపుదామన్నా ఆపలేక నెలల తరబడి అలాగే ఉంటే అప్పుడు రోగం. వీళ్లు మాట్లాడుకునే దారి లేక ఆడుతున్నారు.’’

‘‘మరి మందు?’’ అన్నాడు నాయిన, ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేక.

‘‘రోజుకు ఒక గంట. ఒకే ఇంట్లో. తండ్రులిద్దరూ పక్కన కూర్చోవాలి.’’

మొదటి సాయంత్రం ఇద్దరూ మా ఇంట్లో, మా వెనక కుర్చీల్లో ఫొటో దిగుతున్నట్టు కూర్చున్నారు. రెండ్రోజులయ్యాక నాయిన ఆగలేక తెర మీదికి వేలు చూపించాడు. ‘‘అరే, గా గోడెనక ఉన్నడు సూడు!’’

‘‘ఎవరండీ, మావాడా?’’ అన్నాడు అంకుల్.

‘‘మీవోడే. మస్తు దాక్కుంటున్నడు.’’

‘‘ఇంట్లో పని చెప్పినా అంతేనండీ.’’

నాయిన నవ్వాడు. అమ్మ వెంటనే చాయ్ పెట్టింది.

కొన్నాళ్లకు మా ఇద్దరికీ ఆ ఆట మొహం మొత్తింది. ‘‘ఆపేద్దాంరా, బోరు కొడుతోంది’’ అన్నాడు వాడు నా చెవిలో. వెనక్కి చూశాను. రాష్ట్రం సంగతి ఇంకా తేలలేదు గానీ, వాదన మాత్రం చాయ్ చల్లారిపోయేంత తీరిగ్గా సాగుతోంది. ఆట ఆపితే అంకుల్ లేచి పైకి పోతాడు. ‘‘జర ఆగు, ఇంకోటి ఆడుదాం’’ అన్నాను. ఆ చలికాలమంతా ఆవులిస్తూ, చస్తూ బతుకుతూ ఆడాం. విసుగుపుట్టిన పనిని అంత ఇష్టంగా నేను మళ్లీ ఎప్పుడూ చేయలేదు.